షుగర్ పోయాక రమ్మన్నాను

ఫిబ్రవరి 4, సోమవారం
పరగడుపున 264.

ఈ పుస్తకం ఆరోగ్య కేంద్రంలో నర్సు ఇచ్చింది. "రోజూ పొద్దున్నే షుగర్ చూసుకుని రాయండి మిస్. ఏం తిన్నారో రాయండి. మనసులో ఏమున్నా రాసెయ్యండి, భారం తగ్గుతుంది" అంది. ఆ చివరి మాట అందరికీ అనేదే. అయినా నేను పట్టుకున్నాను. డాక్టర్ నెర్మీన్‌కి చూపించే కార్డు వేరే ఉంది కాబట్టి ఈ పుస్తకం ఎవరూ అడగరు.

ముప్పై రెండేళ్ళుగా ఆడపిల్లల బడిలో లెక్కలు చెబుతున్నాను. కాపీ కొట్టిన పిల్లకి సున్నా వేసి, వాళ్ళమ్మని పిలిపించి మరీ చివాట్లు పెడతాను. నిన్న వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, డాక్టరమ్మ కార్డులో పద్నాలుగు రోజుల అంకెలు కల్పించి రాశాను. 131, 140, 128, 137. మధ్యలో ఒక 162 కూడా పెట్టాను, నమ్మేట్టు ఉండాలి కదా.

మాత్ర వేసుకోలేదు. క్లినిక్‌కి వెళ్ళే ముందు మూడు రోజులు వేసుకుంటాను. చాలు.

ఫిబ్రవరి 7
271. మాత్ర లేదు.

ఫిబ్రవరి 11
డాక్టర్ నెర్మీన్ ఈసారి మోసం చేసింది. చెప్పకుండా మూడు నెలల షుగర్ తెలిసే పరీక్ష చేయించింది. కార్డునీ ఆ కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని నా వైపు చూసింది.

"మిస్ ఇన్షిరాహ్, మీ కార్డు ఒకటి చెబుతోంది, మీ రక్తం ఇంకోటి చెబుతోంది. ఎవరిని నమ్మమంటారు?"

"కార్డునే నమ్మండి. రక్తానికి చదువు రాదు" అన్నాను.

నవ్వింది. నా కూతురి వయసు ఉంటుంది, నాకు కూతురే ఉంటే. నవ్వి వదిలిపెడుతుందనుకుంటే కుర్చీ దగ్గరకి లాక్కుంది. మాత్రలు ఎందుకు వేసుకోవడం లేదో చెప్పి కదలమంది.

"ఈ మాత్రలు ఎన్నాళ్ళు వెయ్యాలి?" అన్నాను.

"జీవితాంతం."

"వేస్తే షుగర్ పోతుందా?"

"పోదు. అదుపులో ఉంటుంది."

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పోనిదాన్ని అదుపులో పెట్టుకుని నేనేం చేసుకోను? నాకు పోవాలి. నాది వంశంలో వచ్చిన షుగర్ కాదు, దడుపు షుగర్. అదే చెప్పాను ఆమెకి. మొత్తం చెప్పాను. ఇక్కడ కూడా రాసి చూసుకుంటాను, సరిగ్గా చెప్పానో లేదో.

మా అమ్మ పోయేనాటికి నా తమ్ముడు హిల్మీకి ఆరేళ్ళు, నాకు పదమూడు. వాణ్ణి నేనే పెంచాను. తల దువ్వాను, ఎక్కాలు నేర్పాను, జ్వరం వస్తే ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. పెద్దయి చేపల పడవల్లో ఇంజను మెకానిక్ అయ్యాడు. ఇంట్లో మేమిద్దరమే, రోజూ వాడి గోలే. పంచదార డబ్బాలో ఉప్పు పోసేవాడు. ఎనిమిదేళ్ళ క్రితం ఏప్రిల్ ఒకటిన బడికి ఫోన్ చేశాడు, గొంతు మార్చి. "రేవు ఆఫీసు నుంచి. మీ తమ్ముడు వెళ్ళిన పడవ మునిగింది. శవాన్ని గుర్తుపట్టడానికి రావాలి." నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఈ బుర్గ్ ఊరి వీధులన్నీ అడ్డంపడి రేవుకి పరిగెత్తాను. వాడు వలల గుట్ట మీద కూర్చుని టీ తాగుతూ నన్ను చూసి నవ్వాడు. నేను పడిపోయాను.

మూడు వారాలకి మనిషిని సగమయ్యాను. దాహం, దాహం, దాహం. పరీక్ష చేస్తే 380. మా అమ్మ చెల్లెలు తవహీదా పిన్ని ఇంటినిండా జనం ఉండగా వాడి మొహం మీద వేలు పెట్టి, "మీ అక్క ఒంట్లోకి షుగర్ ఎక్కించింది నువ్వేరా" అంది. అప్పుడు నా నోటికి శని పట్టింది. "ఇది నా ఒంట్లోంచి పోయేదాకా నా గడప తొక్కకు" అన్నాను.

వాడు తొక్కలేదు. సూయజ్ వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళు.

డాక్టరమ్మ అంతా విని, "దడుపుకి షుగర్ పుట్టదు మిస్. లోపల ఉన్నది ఆ టైముకి బయటపడి ఉంటుంది. మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా ఉండేదా?" అంది. ఎవరికీ లేదన్నాను. మాకు లేదు. నాన్న ముసలితనంతో పోయాడు, అమ్మ కాన్పులో పోయింది.

ఫిబ్రవరి 15, శుక్రవారం
280.

పిన్ని వచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్ళు, మోకాళ్ళు పనిచెయ్యవు, నోరు మాత్రం బాగా పనిచేస్తుంది. మళ్ళీ దడుపు గిన్నె సంగతి ఎత్తింది. వాళ్ళ అత్తగారి రాగి గిన్నె, లోపలంతా ఖురాన్ ఆయతులు చెక్కి ఉంటాయి. సాయంత్రం మేడ మీద నీళ్ళు పోసి పెట్టి, పొద్దున్నే మూడు ఖర్జూరాలతో తాగితే దడుపు దిగుతుంది. ఊళ్ళో సగం మంది పిల్లలకి ఆమె గిన్నె నీళ్ళతోనే దిగింది.

"నీకెందుకు దిగలేదో తెలుసా? ఇచ్చే చెయ్యి సరైంది కాదు. ఎవడు భయపెట్టాడో వాడి చేత్తోనే తాగాలి. ఎన్నిసార్లు చెప్పాను? పిలువు ఆ వెధవని."

"షుగర్ పోయేదాకా రావద్దన్నాను కదా పిన్నీ."

"వాడొస్తే గాని పోదు కదే!"

"పోతే గాని రాడు కదా!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎనిమిదేళ్ళుగా ఇక్కడే ఆగిపోతున్నాం. పదో తరగతి పిల్ల కూడా ఈ లెక్క తప్పని చెబుతుంది. పిన్ని ఫూల్ గింజల కూర తిని, నా రొట్టె కూడా తిని వెళ్ళింది.

పిలవొచ్చు. పిలవనా? నేను నోరు జారిన మాటకి నేనే కట్టుబడకపోతే వాడెందుకు కట్టుబడ్డాడు ఇన్నేళ్ళు? వాడు సూయజ్‌లో పెళ్ళి చేసుకున్నాడని కూడా నాకు పడవవాళ్ళ నోట తెలిసింది. ఆ అమ్మాయి పేరు నజ్లా. ఎలా ఉంటుందో తెలియదు. పెళ్ళికి వాడికి నలుగుపెట్టి స్నానం చేయించింది ఎవరు?

ఫిబ్రవరి 22
కుడి బొటనవేలి కింద ఏదో కురుపు. కొత్త చెప్పులు ఒరుసుకుని ఉంటాయి. నొప్పి లేదు కాబట్టి భయం లేదు.

మార్చి 1
కురుపు తడిగా ఉంది. తేనె రాశాను. 290.

మార్చి 3
ఈ మధ్య వాడి మొహం గుర్తు తెచ్చుకుంటే పిల్లప్పటి మొహమే వస్తోంది. నలభై తొమ్మిదేళ్ళ మొహం ఎలా ఉంటుందో ఊహించుకోలేకపోతున్నాను. మీసం తెల్లబడిందేమో.

మార్చి 8
(ఆసుపత్రి. పెన్ను నర్సుది.) క్లాసులో బోర్డు దగ్గర పడిపోయానట. పిల్లలు మోసుకొచ్చారట. కాలు వాచి ఎర్రగా ఉంది. డాక్టర్ నెర్మీన్ వచ్చి ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "వేలు ఉంచగలమేమో చూద్దాం" అంది.

నొప్పి లేదన్న ధైర్యంతో ఉన్నాను కదా. నొప్పి తెలియకపోవడమే జబ్బట.

మార్చి 13
వేలు దక్కింది. అల్హమ్దులిల్లా. ముందు ఇంజక్షన్లు ఇచ్చారు, ఇప్పుడు మాత్రలు. నర్సు నా నోట్లో వేసి, నాలుక ఎత్తి చూపించమంటుంది. దొంగపిల్లల్ని నేను చూసినట్టే చూస్తుంది నన్ను.

మార్చి 16
పరగడుపున 118.

మిషను తప్పేమో అని ఇంకో వేలు పొడిచాను. 121.

ఎనిమిదేళ్ళలో ఈ అంకె చూడలేదు. దీన్ని చూస్తూ కూర్చున్నాను చాలాసేపు. నాకు వెంటనే తట్టింది కాలు గురించి కాదు. హిల్మీకి చెప్పొచ్చు అని. పోయింది, రా అని చెప్పొచ్చు.

మార్చి 24
ఇల్లు. 116. మాత్రలు రెండు పూటలా వేసుకుంటున్నాను. వాడొచ్చి వెళ్ళేదాకానే. ఆ తర్వాత వాడి చేతి నీళ్ళు ఎలాగూ పనిచేస్తాయి, అప్పుడు ఇవి అవసరం ఉండదు.

ఇందులో అబద్ధం ఏముంది? 116 అంటే పోయినట్టే.

ఏప్రిల్ 1
ఫోన్ చేద్దామని తీశాను. తారీఖు చూసి పెట్టేశాను. ఇవాళ చెబితే వాడికి నేను బదులు తీర్చుకున్నట్టు ఉంటుంది. నవ్వొచ్చింది. ఒక్కదాన్నే ఇంట్లో నవ్వుకున్నాను, ఆ తర్వాత ఏడుపొచ్చింది.

ఏప్రిల్ 2
చేశాను.

నజ్లా ఎత్తింది. గొంతు బాగుంది, ఎవరని అడిగింది. "ఇన్షిరాహ్‌ని" అంటే అటువైపు ఏదో గిన్నె కింద పడిన చప్పుడు. తర్వాత వాడు.

"అక్కా?"

ఎన్నో సిద్ధం చేసుకున్నాను. అన్నీ మర్చిపోయాను. "షుగర్ పోయింది రా, హిల్మీ. ఇంటికి రా" అన్నాను.

అటు వాడు ముక్కు ఎగబీల్చడం వినిపించింది. "నిజంగా పోయిందా? ఒట్టు వెయ్యి."

"నూట పదహారు. నేను లెక్కల టీచర్ని, అంకెలు తప్పు చెప్పను."

"వసంతం పండుగకి వస్తాను. ఫెసీఖ్ చేప నేను తెస్తాను, నువ్వు కొనకు. అక్కడివాళ్ళు ఉప్పు సరిగ్గా పట్టనివ్వరు" అన్నాడు. ఈ రేవు పక్కన పుట్టి, సూయజ్ ఉప్పుచేపే గొప్పంటున్నాడు. తల మీద ఒక్కటి వెయ్యాలనిపించింది. ఎంత ముద్దొచ్చాడో.

ఏప్రిల్ 10
112. ఇది మాత్రల వల్ల మాత్రమే కాదు. వాడొస్తున్నాడన్న సంతోషం వల్ల కూడా. డాక్టరమ్మకి ఈ మాట చెప్పలేదు, ఆమెకి అర్థం కాదు.

ఏప్రిల్ 19
వాడి గదికి సున్నం వేయించాను. పరుపు మేడ మీద ఎండలో వేశాను. మాత్రల డబ్బా బియ్యం డబ్బా వెనక్కి మార్చాను.

ఏప్రిల్ 28, ఆదివారం
వచ్చాడు.

బస్సు ఆలస్యం. నేను గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వీధి చివర సంచీ పట్టుకుని ఒక పెద్దాయన వస్తుంటే ఎవరో అనుకున్నాను. దగ్గరకి వచ్చాక చూశాను, నడక మా నాన్నది. మీసం నిజంగానే తెల్లబడింది. బాగా చిక్కిపోయాడు. గడప బయట ఆగిపోయాడు.

"లోపలికి రావచ్చా?" అన్నాడు.

చెయ్యి పట్టి లాగాను. వాడు నా చెయ్యి మీద ముద్దు పెట్టబోతే వెనక్కి లాక్కున్నాను, వాడి నెత్తి పట్టుకుని నేనే ముద్దు పెట్టాను. అలా ఎంతసేపు ఉన్నామో తెలియదు. ఎదురింటివాళ్ళు చప్పట్లు కొట్టారు, సిగ్గులేని జనం.

"నజ్లాని తీసుకురాలేదేం?"

"ముందు నన్ను రానిస్తావో లేదో చూసుకుని తెద్దామని."

ఏప్రిల్ 29
పండుగ. ఊరంతా నది ఒడ్డున చాపలు పరుచుకుని ఉప్పుచేప వాసనతో నిండిపోయింది. పిన్నితో కలిపి మేం ముగ్గురం ఇంట్లోనే. వాడు చేప విప్పి, ముళ్ళు తీసి, నిమ్మకాయ పిండి నా పళ్ళెంలో పెట్టాడు. పచ్చి ఉల్లి కాడలు కొరుకుతూ, ఇంజను గదిలో తన మీద వేడి నూనె పడిన కథ చెప్పాడు. పిన్ని నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది.

తర్వాత పిన్ని గిన్నె తీసింది. "పోయిందంటున్నావు బాగానే ఉంది. మళ్ళీ రాకుండా వాడి చేత్తో ఒక గుక్క తాగు." హిల్మీ రెండు చేతులతో పట్టుకున్నాడు. సగం నీళ్ళు నా మీదే ఒలికాయి. తాగాను.

"నన్ను క్షమించావా అక్కా?" అన్నాడు.

"ఎప్పుడో క్షమించాను, గాడిదా" అన్నాను.

ఈ ఒక్క రోజు కోసం ఎనిమిదేళ్ళు బతికాను.

పొద్దున్నా సాయంత్రమూ బియ్యం డబ్బా దగ్గరకి వెళ్ళొచ్చాను. రెండుసార్లే.

ఏప్రిల్ 30
టీ దగ్గర చెప్పాడు. వాడికీ షుగర్ ఉంది. ఏడేళ్ళుగా. నేను పడిపోవడం చూసి వాడూ దడుచుకున్నాడట, అందుకే వచ్చిందట. రోజుకి రెండుసార్లు ఇన్సులిన్ పొడుచుకోవాలి.

"పొడుచుకున్నావా ఇవాళ?"

వాడు అప్పట్లో పంచదార డబ్బాలో ఉప్పు పోసి నిలబడినట్టే నవ్వుతూ నిలబడ్డాడు. "అవన్నీ సూయజ్‌లో ఫ్రిజ్‌లో వదిలేసి వచ్చాను. ఇంక వాటితో పని లేదు. నీది పోయింది కదా. రేపు నీ చేత్తో నాకు తాగించు, నాదీ పోతుంది."

నా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టాను.

"హిల్మీ, ఇన్సులిన్ అలా మానకూడదంటారు" అన్నాను.

"నువ్వు మానలేదా మాత్రలు?"

ఇక్కడ చెప్పాలి. ఇక్కడే చెప్పాలి. పిన్ని చూస్తోంది, వాడు చూస్తున్నాడు. వాడి మొహం నిన్నటి నుంచే కాస్త తేరుకుంది.

"మానాను" అన్నాను.

మే 1
తాగించాను నా చేత్తో.

రేపు చెబుతాను.

మే 2
పొద్దుటి నుంచి నీళ్ళ సీసా వదలడం లేదు. ఉప్పుచేప తిన్నాడు కదా, దాహం వేస్తుంది. ఎవరికైనా వేస్తుంది.

సాయంత్రం నడుద్దామంటే కాళ్ళు బరువుగా ఉన్నాయన్నాడు. ప్రయాణం బడలిక.

నా మిషనుతో చూద్దామంటే, "మంచి నీళ్ళకి మూడు రోజులు టైమివ్వాలి, అనుమానంతో చూడకూడదు" అంది పిన్ని. నేనూ పట్టుబట్టలేదు. చూస్తే అంకె కనిపిస్తుంది. అంకె కనిపిస్తే చెప్పాలి. చెబితే లేచి వెళ్ళిపోతాడు.

రేపు.

మే 3, శుక్రవారం
పొద్దున్న నజ్లా ఫోన్ చేసింది. నా జీవితంలో మొదటిసారి నన్ను "వదినా" అంది.

"వదినా, ఆయన ఇంజక్షన్లు ఇక్కడే ఉన్నాయి. అడిగితే, 'మా అక్కకే పోయింది, నాకు పోదా' అంటున్నారు. మీకు నిజంగా పోయిందంటే నాకు సంతోషమే. కానీ రాత్రి మాట్లాడుతుంటే మాట ముద్దగా వచ్చింది. నాకు భయంగా ఉంది వదినా. పోయినేడు నాలుగు రోజులు మానేస్తే ఆసుపత్రిలో పెట్టారు. మీరు చెబితే వింటారు. మీ మాటంటే ఆయనకి వేదం."

అటు నుంచి ఏడుస్తోంది. ఇటు నేను పరిగెత్తాను. వాడు సోఫాలో పడుకుని ఉన్నాడు, పెదవులు ఎండిపోయి. నోట్లోంచి కుళ్ళిన పండు వాసన. మిషను పెడితే అంకె రాలేదు, 'హై' అని మాత్రం వచ్చింది. మిషను లెక్కపెట్టలేనంత.

ఎదురింటివాళ్ళ కారులో వేసుకుని వెళ్ళాం. వాడి తల నా ఒళ్ళో. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పటిలాగే. దారంతా చెవిలో చెప్పాను, "నాకు పోలేదు రా, నేను రోజూ మాత్రలు మింగుతున్నాను, అబద్ధం చెప్పాను, లేవరా." వాడికి వినిపించలేదు.

మే 4
సెలైన్లు ఎక్కుతున్నాయి. డాక్టర్ నెర్మీన్ గండం గడిచిందని చెప్పింది. నేను ఆమె కాళ్ళ మీద పడబోతే పట్టుకుంది. నా కార్డూ, రక్తం కాగితమూ ఇప్పుడు రెండూ ఒకటే చెబుతున్నాయి, అయినా ఆమె ఆ మాట ఎత్తలేదు.

పిన్ని వార్డు బయట బెంచీ మీద కూర్చుని తస్బీ పూసలు తిప్పుతోంది. "పాపం మీ నాన్న కూడా ఆఖర్లో ఇలాగే. కుండలకి కుండలు తాగేవాడు. మరుగుదొడ్డి దగ్గర చీమలు పట్టేవి. కాలి వేళ్ళు నల్లబడ్డాయి" అంది.

"పిన్నీ! ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎవరడిగారే? నీరసం అనుకున్నాం. ముసలాయన కదా."

నాన్నకి రోజూ కాళ్ళు కడిగింది నేనే. ఆ నల్ల వేళ్ళు చూసింది నేనే. చీమల్ని చీపురుతో తోసింది నేనే. డాక్టరమ్మ అడిగితే మా ఇంట్లో ఎవరికీ లేదని ఠక్కున చెప్పిందీ నేనే.

మే 5
కళ్ళు తెరిచాడు. నేను మాత్రల అట్టలు తీసుకెళ్ళాను, ఖాళీవి, నిండువి, అన్నీ. దుప్పటి మీద పరిచాను. వేసుకున్న తారీఖులు చెప్పాను. నాన్న సంగతి చెప్పాను.

"ఇదేమైనా ఆట పట్టించడమా అక్కా?" అన్నాడు ముందు. నా మొహం చూసి ఆపేశాడు.

అట్టల్ని ఒక్కొక్కటే తిరగేసి చూశాడు. వాటి మీద ఏం రాసుందో వాడికి బాగా తెలుసు, అయినా చదివాడు.

"అంటే నా వల్ల రాలేదా?"

"లేదు."

"రేవులో నేను ఫోన్ చెయ్యకపోయినా వచ్చేదా?"

"వచ్చేది. నీకూ వచ్చేది. నాన్న నుంచి."

సంతోషిస్తాడనుకున్నాను. భుజం మీది బరువు దిగుతుందనుకున్నాను. వాడు గోడ వైపు తిరిగాడు. గోడతోనే మాట్లాడినట్టు అన్నాడు, "ఎనిమిదేళ్ళక్కా. పెళ్ళి రోజున ఫోన్ చేతిలో పట్టుకుని గంట నిలబడ్డాను. అక్కని చంపుతున్నవాడికి ఫోన్ చేసే మొహం ఎక్కడుందని పెట్టేశాను. రోజూ పొడుచుకుంటూ, ఇది నాకు తగిన శిక్షే అనుకున్నాను. ఎనిమిదేళ్ళు. డాక్టరు నీకు మొదటి నెలలోనే చెప్పి ఉంటారు కదా?"

చెప్పారు. ప్రతిసారీ చెప్పారు. నేను దుప్పటి మీది అట్టలు ఏరుకుంటూ కూర్చున్నాను. నర్సు వచ్చి మాట్లాడించకండి అంది.

మే 7
సూయజ్ వెళ్ళిపోయాడు. నజ్లా వచ్చి తీసుకెళ్ళింది. సన్నటి మనిషి, కళ్ళు పెద్దవి. నాకు సలాం చెప్పి, ఇన్సులిన్ సంచీ భుజాన వేసుకుని, వాడి చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది. ఉండమంటే వాడు ఉండేవాడేమో, నేను అడగలేదు. కిటికీలోంచి తల ఊపాడు.

నిన్నటి నుంచి రమదాన్. డాక్టరమ్మ మా ఇద్దరినీ ఉపవాసం వద్దంది. మధ్యాహ్నం తలుపేసుకుని ఒంటరిగా అన్నం తినడం ఎంత హీనంగా ఉంటుందో.

మే 9
119. ఫోన్ లేదు.

మే 11
115. ఫోన్ లేదు.

మే 13
ఇవాళ డాక్టర్ నెర్మీన్ దగ్గరకి వెళ్ళాను. కాలు చూసింది, కార్డు చూసింది. "ఇప్పుడైనా నమ్మారా మిస్, దడుపు వల్ల కాదని?" అంది.

నమ్మకం ఎప్పుడూ లేదని చెప్పలేకపోయాను. మొదటి ఏడాదే నాకు తెలుసు. నాన్న వేళ్ళు నా కళ్ళముందే ఉండేవి. కానీ ఈ షుగర్ నాన్న ఇచ్చింది అయితే, అది నాదొక్కదానిదే, మందులు మింగి పడి ఉండాలి. హిల్మీ ఇచ్చింది అయితే వాడు ఏదో ఒక రోజు తిరిగి తీసుకోవడానికి రావాలి. అందుకే దాన్ని వాడిదిగానే ఉంచుకున్నాను. మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడల్లా, ఇది మింగితే వాడు ఇంక రాడు అనిపించేది. పారేసేదాన్ని. కాలు కుళ్ళినా ఫరవాలేదనిపించింది. నా ఆశ కోసం వాడి నెత్తిన ఎనిమిదేళ్ళ నేరం పెట్టాను.

రమ్మని ఒక్క మాట అంటే వచ్చేవాడు. నోరు పెగల్లేదు. అంత పొగరు నాకు.

మే 17, శుక్రవారం
117. మాత్ర వేసుకున్నాను.

ప్రార్థన అయ్యాక ఫోన్ చేశాను. ఈసారి వాడే ఎత్తాడు. వెనక ఇంజను చప్పుడు.

"హిల్మీ, నాకు షుగర్ పోలేదు" అన్నాను.

"తెలుసు."

"ఇంక పోదు. చచ్చేదాకా ఉంటుంది. నీకూ అంతే."

"తెలుసక్కా. అది చెప్పడానికి ఫోన్ చేశావా?"

"కాదు. నువ్వు రా. నాకు నీతో పనేమీ లేదు. నువ్వు నాకేమీ చెయ్యనక్కర్లేదు. ఊరికే రా. నజ్లాని తీసుకుని రా. నిన్ను చూడకుండా ఉండలేకపోతున్నాను."

ఈ మాట నా నోటి నుంచి వచ్చిందా అనిపించింది. అటు ఇంజను ఆగిపోయింది. ఎవరితోనో "ఒక్క నిమిషం" అన్నాడు.

"పగలు నాకు అన్నం ఎవరు పెడతారు? ఉపవాసం ఉన్న ఊళ్ళో" అన్నాడు.

"నేను పెడతాను. తలుపులేసుకుని ఇద్దరం తిందాం, పొద్దుగూకాక నజ్లాతో ముగ్గురం."

"మొలోఖియా ఆకుకూర చెయ్యి. వెల్లుల్లి దండిగా వెయ్యి. గురువారం బస్సుకి వస్తాం."